మహానైవేద్యంలో చిటికెడు ఉప్పు

ఆ రోజు గౌరీశంకరం మాస్టారి కార్యక్రమం చాలా సాదాగా ఉంది. పొద్దున్నే తెనాలిలో రేపల్లె బండి ఎక్కడం, అక్కడి పాత విద్యార్థులు కప్పే శాలువా కప్పించుకోవడం, కాస్త ఉపన్యసించి సాయంత్రానికి ఇల్లు చేరడం. జరీ పంచె మంచం మీద సిద్ధంగా ఉంది. ఉపన్యాసం ఎప్పటినుంచో సిద్ధంగానే ఉంది. ఇంటిల్లిపాదికీ అది కంఠతా వచ్చేసింది కూడా.

అడ్డమల్లా బరువు తూచే మిషనే. ఎండాకాలంలో మాస్టారికి ఆయాసం వస్తే డాక్టరు ప్రమీలారాణి గుండెకు స్కానింగు తీసి హార్ట్ ఫెయిల్యూర్ అని తేల్చింది. "కంగారు పడకండి మాస్టారూ, గుండె ఆగిపోవడం కాదు. రక్తాన్ని నెట్టే బలం తగ్గి ఒంట్లో నీరు నిలుస్తోంది. ఉప్పు బాగా తగ్గించండి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి. ఉన్నట్టుండి రెండు కిలోలు పెరిగితే మాత్రం ఎక్కడికీ వెళ్లకుండా తిన్నగా నా దగ్గరికి రావాలి" అంది. జీవితమంతా పిల్లల్ని పాస్ చేయించిన మాస్టారికి ఆయాసం కంటే ఆ ఫెయిల్యూర్ అన్న మాటే ఎక్కువ బాధ కలిగించింది.

ఇప్పుడు మిషన్ సరిగ్గా ఆ రెండు కిలోలూ ఎక్కువ చూపించింది.

"ఇది పాడైంది" అన్నారు మాస్టారు.

బాపట్ల కాలేజీకి బయల్దేరబోతున్న కొడుకు విజయసారథి బియ్యం బస్తా మోసుకొచ్చి మిషన్ మీద పెట్టాడు. బస్తా మీద ఎంత రాసుందో మిషన్ అంతే చూపించింది.

"బస్తా నిజమే చెబుతోంది నాన్నగారూ."

"దానికి రేపల్లె వెళ్లే పని లేదు కదరా!"

కోడలు కౌముది ఆయన కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, లేవలేదు. "అయ్యో మామయ్యగారూ, నీరు!" అన్న ఆ కేకకు మాస్టారి భార్య నాగేశ్వరమ్మ హాల్లో పడక్కుర్చీలోంచి లేచొచ్చింది. ఆయన గురక పడలేక అని చెప్పి, కొన్నాళ్లుగా ఆవిడ ఇంట్లో దిండ్లన్నీ వీపు వెనక పెట్టుకుని ఆ కుర్చీలోనే నిద్రపోతోంది.

విజయసారథి రేపల్లెకు ఫోన్ చేసి, "నాన్నగారు రాలేరండి, గుండె..." అంటుండగా ఆటో వచ్చింది. ఫోన్ పెట్టేశాడు. మిగతా వాక్యం రేపల్లె వాళ్లే పూర్తి చేసుకున్నారు. సభ రద్దు చేసి, వ్యాను మాట్లాడుకుని, శాలువాతో పాటు తెప్పించిన దండను ఏం చెయ్యాలో తెలియక దాన్నీ పట్టుకుని బయల్దేరారు.

ఆస్పత్రి మేడ మీద ఉంది. రైల్లో తినడానికి కట్టిన పులిహోర సంచితో నాగేశ్వరమ్మ మెట్ల మధ్యలో ఆగి, "మీరు పదండి, నేనొస్తా" అంటూ అందరికంటే వెనక వచ్చింది.

"ఉప్పు ఎలా వాడుతున్నారు?" అంది డాక్టరమ్మ.

"అస్సలు లేదండి!" అన్నారు తల్లీ, కొడుకూ, కోడలూ ముగ్గురూ.

"ఆ సంచిలో ఏంటి?"

"పులిహోరండి. చప్పిడిదే" అంది నాగేశ్వరమ్మ.

డాక్టరమ్మ నాలుగు మెతుకులు నోట్లో వేసుకుని మంచినీళ్ల సీసా కోసం వెతుక్కుంది.

ఆ ఇంట్లో దేవుడికి నైవేద్యం పెట్టేదాకా వంట ఎవరూ రుచి చూడరు. కాబట్టి ఎవరేం వేసిందీ వండేవాళ్లకు తెలియదు. ముందు నాగేశ్వరమ్మే బయటపడింది.

"ఆయనకి వద్దన్నారు గానీ దేవుడికి వద్దన్లేదు కదండీ! మహానైవేద్యం చప్పగా ఎలా పెట్టను? చిటికెడు వేశాను."

"మీరు వెయ్యట్లేదనుకుని నేనో చిటికెడు వేస్తున్నానత్తయ్యా. మామయ్యగారు తినలేకపోతున్నారేమో అని" అంది కౌముది.

విజయసారథి గోడ మీద క్యాలెండరు చూస్తూ, "వడ్డించేముందు నేను కూడా..." అన్నాడు.

"మరి తినే మీకు తెలియలేదా మాస్టారూ?"

"తెలిసిందండి. ఎవరో జాలిపడి వేస్తున్నారు, బయటపెట్టి వాళ్లని తిట్లు తినిపించడం ఎందుకని..."

"ఎంత త్యాగమండీ!" అని డాక్టరమ్మ నీరు లాగే ఇంజెక్షన్ రాయబోయి, కలం ఆపింది. నాగేశ్వరమ్మకు మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు.

"అమ్మా, మీరు వెల్లకిలా పడుకోగలుగుతున్నారా?"

"లేదమ్మా, ఊపిరాడదు. కూర్చునే కునుకు తీస్తా."

డాక్టరమ్మ ఆవిడ పాదం నొక్కింది. గుంట పడింది. మాస్టారి కాలి మీద కంటే లోతుగా పడింది. చేతికి పట్టీ చుట్టి చూసింది. "బీపీ ఇంతుందేంటమ్మా! ఎప్పుడూ చూపించుకోలేదా?"

"ఆయనకి చూపించడంతోనే సరిపోతోంది."

ముగ్గురి ఉప్పూ పడిన ఆ వంటనే అందరి తర్వాత గోంగూర పచ్చడి నంజుకుని తినే మనిషి ఆవిడ. స్కానింగు చూసి డాక్టరమ్మ, "ఈవిడకీ అదే జబ్బు. ఇంకొన్నాళ్లు ఇలాగే నెట్టుకొస్తే చెయ్యి దాటేది" అంది.

మాస్టారు భార్య వైపు తిరిగారు. "నా గురక అన్నావు కదే?"

"మీ గురక కూడానండి" అంది ఆవిడ.

రోజూ తన బరువు చూసుకున్న పెద్దమనిషి, పక్క మనిషి కూర్చుని ఎందుకు నిద్రపోతోందని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి తట్టేసరికి ఆయనకు భయమూ సిగ్గూ కలిసి వచ్చాయి. ఉపన్యాసానికి దాచుకున్న మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నారు.

అంతలో రేపల్లె వాళ్లు ఆస్పత్రి ఆచూకీ పట్టుకుని, దండతో, ఏడుపు మొహాలతో లోపలికొచ్చి, కుర్చీలో నిక్షేపంగా కూర్చున్న మాస్టారిని చూసి గుమ్మంలోనే బిగుసుకుపోయారు. దండ పట్టుకున్నాయన దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

"శాలువా తెచ్చారా?" అన్నారు మాస్టారు. అందుకుని నాగేశ్వరమ్మ భుజాల చుట్టూ కప్పారు. "ఏంటండీ, పిల్లల ముందు!" అని ఆవిడ కసిరింది గానీ తియ్యలేదు.

ఇప్పుడు పొద్దున్నే మిషన్ ముందు ఇద్దరూ వరసలో నిలబడుతున్నారు. ఉప్పు డబ్బా డాక్టరమ్మ హుకుం మీద తాళమేసిన బీరువాలో ఉంది. మహానైవేద్యం చప్పగానే వెళుతోంది. దేవుడి దగ్గర్నుంచి ఇంతవరకూ ఫిర్యాదేమీ రాలేదు.