లచ్చిరాం ఆపించిన పదకొండు మోటర్లు

హలో, వినబడుతోందా? అన్నాలు తిన్నారా? అయితే ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వినండి.

నర్సింహులపేట దగ్గరి తండాలో లచ్చిరాం ఆ పొద్దున వరికి నీళ్లు పెట్టి, కాసేపు నడుం వాల్చాలనుకున్నాడు. కూతురు కల్యాణి పడుకోనివ్వలేదు. టీవీ తెరల్లో ఉండే ద్రవ స్ఫటికాలు, అంటే లిక్విడ్ క్రిస్టల్స్ మీద ఆమె కంప్యూటర్‌తో పరిశోధన చేస్తోంది. ల్యాప్‌టాప్‌ను తండ్రికి అప్పగించి, ఏదో సంతకం కోసం మానుకోట బస్సెక్కింది.

"బాపూ, లెక్క నడుస్తున్నది, ఆగొద్దు. సాయంత్రం మా సార్‌కు సూపెట్టకుంటే ఆరు నెలలు ఎన్కవడ్త."

తెర మీద ఆ స్ఫటికాలు సన్నటి పుల్లల్లా, నాటు వేసినట్టు ఒక్క తీరుగా నిలబడి ఉన్నాయి. పదింటికి వంగాయి. పదకొండింటికి, గాలివానకు పడ్డ వరిలా ఎటుపడితే అటు ఒరిగాయి. లచ్చిరాం గాబరాగా ఫోను అందుకున్నాడు. కూతురి ఫోను కలవలేదు. జనగామలో టీవీలు బాగుచేసే బామ్మర్ది వాల్యాకు ఫోన్ కొట్టి సంగతి చెప్పాడు.

"బావా, గా తెర వేడికే ఖరాబైతది. జల్ది సల్లబెట్టు!"

కూలర్ తెచ్చి పెడితే, వోల్టేజీ చాలక అది మూలిగింది. లచ్చిరాం తండా అంతా ఉరికి, "బిడ్డ సదువు మునుగుతున్నది" అని బతిమాలి పదకొండు మోటర్లు ఆపించాడు.

మధ్యాహ్నానికి పక్కింటి దేవ్యా ఊగిపోతూ వచ్చాడు. "ఏందన్నా గిది? నా వరి పొట్టకొచ్చింది, మడి ఆరుతున్నది!"

"జర ఓపిక పట్టు తమ్మీ. గీ పుల్లలు లేవాలె."

దేవ్యా తెరలోకి తొంగి చూశాడు. "గీ పంట మీద ఆశ ఇడువు. కోసుడు గూడ దండుగ."

నాలుగింటికి కల్యాణి వచ్చేసరికి గుమ్మం నిండా జనం. ఆమె తెర చూసి ఎగిరి గంతేసింది. "పడ్డయా!"

"నవ్వుతవేందే?"

"పడాలనే కద బాపూ, లెక్క లోపల వేడి పెంచిన! ఏ వేడికి పడుతయో తెలిస్తెనే ఎండకు నల్లబడని తెర చేస్తరు. నీ కూలర్ గాలి లెక్క లోపలికి ఎట్ల పోతది?"

మాట పూర్తికాకముందే అందరూ పొలాలకు ఉరికారు. పదకొండు మోటర్లూ ఒక్కసారే వేశారు. ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మంది. తండా మొత్తానికి కరెంటు పోయింది.

లచ్చిరాం నెత్తి పట్టుకున్నాడు. "అయిపాయె బిడ్డా, నీ ఆరు నెలలు!"

"దీనికి బ్యాటరీ ఉంటది బాపూ. పొద్దటి నుంచి ఛార్జింగ్‌ల పెట్టే ఉన్నది," అంటూ కల్యాణి, తండాలో వెలుగుతున్న ఒకే ఒక్క తెర ముందు కూర్చుని సార్‌కు వీడియో కాల్ కలిపి పడ్డ పుల్లలు చూపించింది. సార్ భేష్ అన్నాడు.

చదువుకునే పిల్లలున్న నాయినలందరికీ ఈ ముచ్చట పంపండి. దేవ్యాకు మాత్రం వద్దు, ఆయన ఇంకా లైన్‌మన్ కోసం చూస్తున్నాడు.