సిట్ గారి తిరుగులేని తీర్పు

ఆ శనివారం ఉదయం సిట్ గారి పథకం చాలా చిన్నది. డాబా మీద ఎవరో పడేసిన విరిగిన సోఫా తీయించి, భార్య లిన్‌తో టీ హోటల్‌కు వెళ్లి రొయ్యల కుడుములు తినాలి.

షామ్‌షుయ్‌పో పేటలోని ఆ ఆరంతస్తుల భవనం సంఘానికి ఆయన కొత్త అధ్యక్షుడు. అంతకుముందు ముప్పై ఏళ్లు కోర్టు గుమాస్తా. వందల తీర్పులకు నకళ్లు రాశారు, తనదంటూ ఒక్కటీ లేదు పాపం. సోఫా తీసేయమంటే పోయేదానికి కుంచె పట్టి, జడ్జీలు తప్ప మామూలు మనిషి నోట రాని ‘ఛోయ్‌క్యూత్’ అన్న మాట, అంటే తుది తీర్పు అని, పెద్దక్షరాలతో రాశారు. కింద ఇలా చేర్చారు: "డాబా మీది సమస్త వస్తువులూ పదకొండింటికల్లా చెత్తబండి ఎక్కవలెను. జారీ చేసినవారు సైతం దీనిని మార్చరాదు." ముద్ర కొట్టి గేటుకు అంటించారు.

కుడుములు రెండో పళ్లెం వచ్చేసరికి లిన్ అంది:

"ఎండ బాగుందని మా అమ్మ కమలా తొక్కలు డాబా మీద ఆరబెట్టొచ్చానండీ."

సిట్ గారు నోటిదాకా తెచ్చిన కుడుమును పళ్లెంలో పెట్టేశారు. అవి మందుకీ వంటకీ దాచుకునేవి, పాతబడేకొద్దీ విలువ పెరిగే ఇరవై రెండేళ్ల తొక్కలు. పోయిన అత్తగారు స్వయంగా ఒలిచి ఎండబెట్టినవి. తల్లి చేతివని లిన్‌కు మిగిలినవి అవే. తన తీర్పు సంగతి చెప్పే ధైర్యం లేక ఆయన లేచి పరుగెత్తారు.

గేటు దగ్గర కాపలాదారు ఫుక్ అప్పటికే తొక్కలను సంచిలో వేసి మూతి కట్టేశాడు.

"ఫుక్, ఆ సంచి ఇటివ్వు!"

"ఎట్టా ఇస్తానండీ? రాసినాయన కూడా మార్చగూడదని మీరే రాశారుగా. నన్ను పరీక్షిస్తన్నారా?"

"నేనే రద్దు చేస్తున్నానయ్యా!"

"రద్దుకి మీటింగు పెట్టాలి. మీటింగుకి వారం ముందు నోటీసు. అదీ మీ రూలేనండీ."

"తీర్పంటే తీర్పే!" అని, తన సోఫా పోయిన అక్కసుతో, ఒకావిడ మేడ మీదనుంచి వంత పాడింది. చెత్తబండి మలుపు తిరిగింది. సిట్ గారు పరువు గాలికొదిలి సంచిని అటు గుంజారు, ఫుక్ ఇటు గుంజాడు. లిన్ ముఖం ఎలా చూడాలన్న దిగులుతో ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి.

అంతలో మిగిలిన కుడుములు పొట్లం కట్టించుకుని లిన్ వచ్చింది.

"ఫుక్, అది మా అమ్మది. కింద పెట్టు."

ఫుక్ చప్పున పెట్టేశాడు.

"ఇందాకట్నుంచీ నేను మొత్తుకుంటే వినలేదేం?" అన్నారు సిట్ గారు రొప్పుతూ.

"మార్చగూడదని రాసుకుంది మీకండీ. ఈ అమ్మగారికి కాదుగా!"

ఆ తర్వాత కూడా సిట్ గారు ఉత్తర్వులు జారీ చేస్తూనే ఉన్నారు. ఫుక్ మాత్రం మూడో అంతస్తుకెళ్లి లిన్‌ను ఓ మాట అడిగాకే వాటిని చదువుతున్నాడు.