ఫాదర్‌గారు దీవించిన మిషను

ఆ ఆదివారం ఆరోగ్యస్వామి మాస్టారు వేసుకున్న పథకంలో ఏ లోపమూ లేదు. లోపమంతా మాస్టారిలోనే ఉంది.

రెంటచింతలలో లెక్కలు చెప్పుకునే మనిషి కాబట్టి పథకాన్ని కూడా లెక్కలాగే వేశారు. ఏడింటికి భార్య కృపామణి ఫాదర్‌గారి పూజకు గుడికి వెళుతుంది. తను తలనొప్పని ఇంట్లో ఉండిపోతారు. మాచర్ల నుంచి మోటారు మెకానిక్ జహీర్ ఆటోలో మిషను తెస్తాడు. ఆమె తిరిగొచ్చేలోగా దాన్ని వెనక వరండాలో బిగించి, చెక్కతో ఒక పావురాన్ని కోసి ఆమె చేతిలో పెట్టెయ్యాలి. చేతిలో పావురం ఉండగా ఏ భార్య మాత్రం తిట్టగలదు? అదీ ఆయన ధైర్యం.

ఆ మిషను పేరు స్క్రోల్ సా. సన్నటి రంపపు బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంటే చెక్కను తిప్పుతూ పూలూ పిట్టలూ కోసుకోవచ్చు. ఫోనులో ఒక వీడియో చూసిన నాటి నుంచి మాస్టారికి అదే ధ్యాస. మెడ ఎంత లోతుండాలి, వేగం తగ్గించుకునే వీలుందా, బ్లేడు మార్చడానికి పానా కావాలా వద్దా అని ఆర్నెల్లు నోటుపుస్తకాల నిండా పట్టికలు గీశారు. చివరికి మోటార్లు చుట్టే జహీర్‌కు చూపిస్తే అతను పుస్తకం మూసేశాడు.

"ఇవన్నీ ఎందుకు సార్? మిషను మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి ఆడిచ్చాల. తొణికితే ఒద్దు, తొణక్కపోతే మంచిది. వణికే మిషను బ్లేడ్లు తింటది. కాలితో తొక్కే స్విచ్చి కూడా ఉండాల, రెండు చేతులూ చెక్క మీదే ఉంటాయిగా. నా కొట్టుకే తెప్పిచ్చండి, చూసి నేనే తెచ్చిస్తా."

ఇంట్లో చెప్పకపోవడానికి ఒక కారణం ఉంది. ఒకసారి ఆ మాటెత్తితే కృపామణి, "ముందు ఆ కుర్చీ కాలు సంగతి చూడండి," అంది. ఆ కుర్చీ మూడేళ్ళుగా గోడకానుకుని కాలం వెళ్ళబుచ్చుతోంది.

ఆటో టైరు దారిలో పంచరయింది. జహీర్ వచ్చేసరికి పూజ అయిపోయి జనం ఇళ్ళకు మళ్ళారు. నీళ్ళ పరీక్ష కోసం అట్టపెట్టె విప్పేయడంతో మిషను మీద పాత దుప్పటి కప్పి తెచ్చాడు. దుప్పటి కింద వంగిన మెడ, బల్ల. పక్కనుంచి వేలాడుతున్న తీగ, దాని కొసన కాలితో తొక్కే స్విచ్చి. ఎదురింటి హజ్రా బీ గుమ్మంలోంచి చూసి కేకేసింది.

"యా అల్లా! కుట్టుమిషను! కరెంటుది! కృపక్కా, తొందరగా రా, సారు నీకు కుట్టుమిషను తెప్పిచ్చాడు!"

ఇక్కడ మాస్టారు "కాదు" అనాలి. ఒక్క ముక్క. అనేవారే, కానీ అప్పటికే కృపామణి గేటు దగ్గర ఆగిపోయి కళ్ళనిండా నీళ్ళతో చూస్తోంది.

"గుర్తుందా అండీ మీకు?"

పెళ్ళికి ముందు ఆమె వెల్దుర్తిలో జాకెట్లు కుట్టేది. కాపురానికి వస్తూ మిషను చెల్లెలికి ఇచ్చేసింది. "వచ్చే క్రిస్మస్‌కి నీకు కొత్తది తెస్తా," అన్నారు కొత్త పెళ్ళికొడుకు. ఇరవై రెండు క్రిస్మస్‌లు వెళ్ళిపోయాయి. ఆయన మరిచిపోయారు. ఆమె మరవలేదు, అలాగని ఒక్కసారి కూడా అడగలేదు. అదంతా మాస్టారికి ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"ఊ," అన్నారు.

"సార్, అది..." అన్నాడు జహీర్.

"ఎండన పడొచ్చావు, నువ్వు మజ్జిగ తాగు జహీర్."

కృపామణి దుప్పటి మీద చెయ్యి వేసింది. "ఆగవే!" అని అరిచారు మాస్టారు. "దీవెన కాకుండా తియ్యకూడదు. బండైనా ట్రాక్టరైనా ఫాదర్‌గారు దీవించాకే గదా వాడేది!"

ఫాదర్‌గారికి వారం దాకా తీరిక ఉండదనీ, ఈలోగా మాచర్ల వెళ్ళి నిజం కుట్టుమిషను తెచ్చి దుప్పటి కింద మార్చెయ్యొచ్చనీ ఆయన ఆలోచన. కృపామణి వెంటనే ఫోన్ చేసింది. ఫాదర్‌గారి తల్లి ఆయన్ను జాకెట్లు కుట్టి పెంచింది. కుట్టుమిషను అనగానే ఆయన, "టిఫిను తర్వాత చేస్తానమ్మా, ఇప్పుడే వస్తున్నా," అన్నారు.

హజ్రా బీ నోట్లో నువ్వుగింజ నానదు. పావుగంటలో వీధి వీధంతా వచ్చింది. వట్టి చేతులతో వస్తే బాగుండదని తలా ఒక జాకెట్టు గుడ్డ తెచ్చారు. మొత్తం పదకొండు. మాస్టారే వాటిని అందుకుని నవ్వుతూ బల్ల మీద పేర్చారు. ఇంకేం చేస్తారు పాపం?

"తలనొప్పి తగ్గిందా మాస్టారూ?" అంటూ వచ్చారు ఫాదర్‌గారు. "ప్రభువా, ఈ సూది కింద నడిచే ప్రతి గుడ్డనూ, దాన్ని నడిపే చేతులనూ దీవించు," అని పవిత్ర జలం చల్లి, దుప్పటి తీశారు. వంగి చూశారు. అటు తిరిగి ఇంకోసారి చూశారు.

"దారం ఎక్కడ ఎక్కిస్తారండీ దీనికి?"

"సూది ఉండాల్సిన కాడ రంపం ఉందేంది?" అంది హజ్రా బీ.

"నేనప్పుడే చెప్పబోయా," అన్నాడు జహీర్. "మజ్జిగ ఇచ్చారు."

మాస్టారు తేలుకుట్టిన దొంగలా నిలబడ్డారు. "ఇది చెక్క కోసేది. నాకోసం తెప్పిచ్చుకున్నా."

కృపామణి దుప్పటిని నాలుగు మడతలు వేసింది. తర్వాత ఎనిమిది. "మరి ఊ అన్నారే?"

"నీ మొహం చూసి కాదనలేకపోయా, కృపా. అంత సంతోషం నీ మొహంలో చూసి ఎన్నేళ్ళయిందో. నేను మరిచిపోయా. నాదే తప్పు."

కృపామణి ముక్కు తుడుచుకుంది. "సరే. ఫాదర్‌గారి దీవెన ఊరికే పోగూడదు. ఏం కోస్తదో కొయ్యండి, చూద్దాం."

మాస్టారు చెక్క మీద పెన్సిలుతో పావురం గీసి కూర్చున్నారు. మిషను వణకలేదు, ఆయనే వణికారు. రెక్క దగ్గర ఒక బ్లేడు టప్పుమంది. తోక దగ్గర రెండోది. మూడో బ్లేడు తెగుతూ తెగుతూ పావురం ముక్కును తీసుకుపోయింది.

"కోడా మాస్టారూ?" అని మర్యాదగా అడిగారు ఫాదర్‌గారు.

"లెగండి," అంది కృపామణి. ఇక చూడలేకపోయింది. "అట్టా నెడతారేందండీ? గుడ్డయినా చెక్కయినా నెట్టగూడదు. దారి చూపిచ్చాల, అంతే. మలుపు కాడ నిదానంగా చెయ్యి తిప్పాల. జాకెట్టు మెడ వంపు తిప్పినట్టే గదా!"

జహీర్ ఇంకో బ్లేడు ఎక్కించాడు. ఆమె కొంగు దోపుకుని, స్విచ్చి మీద కాలేసి, కొత్త చెక్క అందుకుంది. ఇరవై రెండేళ్ళుగా పనిలేక కూర్చున్న వేళ్ళు ఒక్కసారిగా లేచి నడిచాయి. రెక్క వచ్చింది, తోక వచ్చింది, ముక్కు కూడా వచ్చింది. బ్లేడు తెగలేదు. పావురాన్ని దులిపి ఆమె మాస్టారి చేతిలో పెట్టింది. తిట్టాలన్న మాటే మరిచిపోయి నవ్వింది. మాస్టారికి కళ్ళు చెమర్చాయి.

"గుడిలో పీఠం దగ్గరికి రెండు కావాలమ్మా," అన్నారు ఫాదర్‌గారు. "మా గుమ్మానికి పేరు చెక్క, అక్కా," అంది హజ్రా బీ.

మర్నాడే మాస్టారు మాచర్ల వెళ్ళి కుట్టుమిషను కొన్నారు. ఈసారి పట్టికలేం గియ్యలేదు. కృపామణిని వెంటబెట్టుకెళ్ళి, దాని మీద గ్లాసుతో నీళ్ళు పెట్టించి మరీ తీసుకున్నారు. కానీ దాని ముందు కూర్చోవడానికి ఆమెకు తీరికేది? పావురాలు, శిలువలు, పేరు చెక్కలు, వరసబెట్టి అడుగుతున్నారు. కుర్చీ కాలు కూడా ఆమే కోసి బిగించింది.

"మరి ఆ పదకొండు జాకెట్లు?" అన్నారు మాస్టారు.

"నవ్వుతూ అందుకుంది మీరే గదండీ?"

ఇప్పుడు సాయంత్రం వెనక వరండాలో రెండు మిషన్లూ పక్కపక్కన ఆడుతుంటాయి. ఆమె చెక్క తిప్పుతుంది. బాగుచేసిన ఆ కుర్చీలో కూర్చుని మాస్టారు కుడుతుంటారు. హజ్రా బీ జాకెట్టు చేతులు రెండుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది కానీ, మూడోసారి సరిపోయాయి.

కొలతలు తీసే పని మాత్రం కృపామణి తన దగ్గరే ఉంచుకుంది.