వరద పడవలో మేయర్ గారి తాతగారు

ఊరికి చరిత్ర ఉందని మేయర్ గారు సోమవారం ఉదయం పదకొండింటికి ప్రకటించారు. అంతకుముందు లేదని కాదు, అధికారికంగా లేదు. టౌన్ హాల్లో మూడు రోజుల పాటు పాత ఫోటోల ప్రదర్శన జరుగుతుందనీ, ప్రతి పౌరుడూ తన ఇంట్లో ఉన్న చరిత్రను కౌంటర్లో అప్పగించి రసీదు తీసుకోవాలనీ చెప్పారు.

జనం అప్పగించారు. వారంలో రెండు వందల పదమూడు ఫోటోలు వచ్చాయి. వాటిని స్కాన్ చేసి, పెద్దవి చేసి, గోడకెక్కించే బాధ్యత ఊళ్ళోని ఏకైక స్టూడియో యజమానినైన నాకు దక్కింది. స్టూడియో ఉన్న గది కార్పొరేషన్ వారిదే కాబట్టి ఈ గౌరవాన్ని కాదనడానికి నాకు వీల్లేకపోయింది.

గురువారం నాడు సాంస్కృతిక అధికారి స్టూడియోకి వచ్చారు. మనిషి దిగులుగా ఉన్నారు.

"చరిత్రలో ఒక లోపం కనబడింది" అన్నారు.

"ఏ ఫోటోలో సార్?"

"అన్నింటిలోనూ. ఒక్కదాంట్లోనూ మేయర్ గారి తాతగారు లేరు."

మేయర్ గారు ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళు. ఆ మాటే మెల్లగా మనవి చేశాను.

"మనవడు ఇక్కడ మేయరవుతాడని తాతగారు ముందే ఊహించి వచ్చి ఉండరా? అంతటి ముందుచూపు ఆయనది" అన్నారు అధికారి.

"తాతగారి ఫోటో ఇప్పించండి, ఎక్కడో ఒకచోట అమరుస్తాను" అన్నాను.

"ఫోటో ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను?"

"పోనీ, ఎలా ఉండేవారు?"

"గొప్పగా ఉండేవారు."

"ముఖం సార్."

"మేయర్ గారి ముఖమే. మీసం ఎక్కువ."

మర్నాడు మేయర్ గారే స్వయంగా వచ్చి నా స్టూలు మీద కూర్చున్నారు. నాటకాల వాళ్ళ దగ్గర తెచ్చిన మీసం నా చేతులతో నేనే అంటించాను. ఆయన అద్దంలో చూసుకుని కళ్ళు తుడుచుకున్నారు. "అచ్చం తాతయ్యే" అన్నారు. తాతగారిని ఆయన ఎన్నడూ చూడలేదు. అందువల్ల పోలిక వెంటనే కుదిరింది.

ఆ మీసంతో ఆ మధ్యాహ్నమంతా చరిత్ర దిద్దాం. గ్రంథాలయం తెరిచిన నాటి ఫోటోలో తాతగారు ముందు వరుసలో నిలబడ్డారు. ఊరికి మొదటి బస్సు వచ్చినప్పుడు అందులోంచి దిగారు. కప్పు గెలిచిన ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరయ్యారు. సాయంత్రానికి వరద ఫోటో దగ్గరికొచ్చాం.

రెండు వందల పదమూడింటిలోనూ అసలైన ఫోటో అదే. కిటికీల దాకా మునిగిన ఇళ్ళ మధ్య ఒక పడవ. పడవ నిండా ఆడవాళ్ళు, పిల్లలు. దూరంగా ఒడ్డున జనం. వెనకాల ఒకాయన గెడ పట్టుకుని నిటారుగా నిలబడి, కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు.

"ఒడ్డున జనంలో పెట్టమంటారా సార్?"

"జనంలో ఎందుకు? ఆ పడవాయన ఉన్నాడుగా ఖాళీగా" అన్నారు మేయర్ గారు.

"ఆయన ఖాళీగా లేడు సార్. పడవ నడుపుతున్నాడు."

"నడపనీ. నేను తల సంగతి మాట్లాడుతున్నాను."

ఆ ఫోటో తెచ్చింది టైలరమ్మ. మా వీధి చివర అరవై ఏళ్ళు బట్టలు కుట్టి, చూపు తగ్గాక మానేసిన పెద్దావిడ. పడవలో ఉన్నది ఆవిడ భర్త. "జాగ్రత్త బాబూ, ఆయనది ఇదొక్కటే ఉంది" అని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అసలు ఫోటో జోలికి వెళ్ళలేదనీ, పెద్దది చేసిన దాంట్లోనే మార్చాననీ మీకు విన్నవించుకుంటున్నాను. అందులోనూ మెడకు కింద చరిత్రను నేను ముట్టుకోలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మేయర్ గారు బూడిదరంగు కోటు తొడుక్కుని వచ్చి రిబ్బన్ కత్తిరించారు. పత్రికలవాళ్ళు ఫోటో తీసుకున్నారు. గోడంతా పరుచుకున్న వరద ఫోటో ముందు ఆగి, ఆయన గొంతు సవరించుకున్నారు.

"ప్రాణాలకు తెగించి ఆ రోజు మా తాతగారు..." అంటూ పావుగంట మాట్లాడారు. ఆ తర్వాత, ముందు వరుసలో కూర్చున్న టైలరమ్మను ప్రత్యక్ష సాక్షిగా అధికారి గుర్తించి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మైకు ఇచ్చారు. నేను ఒక స్తంభం వెనక్కి జరిగాను.

"మామ్మగారూ, ఆ వరదలో మా తాతగారిని చూశారు కదా?" అన్నారు మేయర్ గారు.

ఆవిడ ఫోటోకు బాగా దగ్గరగా వెళ్ళి, కింది నుంచి పైదాకా చూసింది.

"లేదు బాబూ. ఈ పడవ మాది. ఇది మా ఆయన నడిపేవాడు."

"అవసరానికి మా తాతగారు అడిగి తీసుకుని ఉంటారు."

"చొక్కా కూడానా?"

ఆవిడ ఫోటోలో జేబు మీద వేలు పెట్టింది.

"ఈ చొక్కా నేనే కుట్టాను. పెళ్ళయిన కొత్తలో. ఎడమ జేబు వంకరగా పడింది. విప్పి మళ్ళీ కుడతానంటే ఉండనీలే అన్నాడు" అందామె.

అందరూ జేబు వైపు చూశారు. మామూలుగా అయితే కనబడేది కాదు. నేను దాన్ని దిండంత చేసి పెట్టాను.

అధికారి సమర్థుడు. మైకు అందుకుని, "సామాన్యుడి చొక్కా తొడుక్కుని సామాన్యుణ్ణి కాపాడిన మహామనిషి" అన్నారు. చప్పట్లు మోగాయి. అందరికన్నా చివర ఆపింది మేయర్ గారే.

మర్నాడు పొద్దున్నే టైలరమ్మ స్టూడియోకి వచ్చింది. పై నుంచి ఆర్డరనీ, గది కార్పొరేషన్‌దనీ చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఆయన తల ఉందా, పారేశావా?"

"ఉంది మామ్మగారూ. తీసిన తల ఏదీ పారేయం."

కంప్యూటర్లో తెరిచి చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు పైకి లాక్కుని చాలాసేపు చూసింది. నేను అనవసరంగా కెమెరా తుడిచాను. తర్వాత ఆవిడ సంచిలోంచి ఆ ఉదయపు పేపరు తీసింది. మొదటి పేజీలో మేయర్ గారు రిబ్బన్ కత్తిరిస్తున్నారు.

"ఈయన్ని దీంట్లో పెట్టు."

"మేయర్ గారి ఫోటోలోనా?"

"ఆఁ. జన్మలో కోటు తొడుక్కోలేదు బాబూ మా ఆయన. ఎలా ఉంటాడో చూద్దామని."

పెట్టాను. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను గానీ తల అంత సులువుగా కూర్చున్నది అదొక్కసారే. ఆవిడ తెర మీద వేలితో కోటు అంచు తడిమింది.

"భుజాల దగ్గర కాస్త వదులు. అయినా బాగున్నాడు" అని నవ్వింది.

రెండు కాపీలు తీశాను. ఒకటి ఆవిడకిచ్చాను. రెండోది టౌన్ హాల్లో, ద్వారం పక్కన, రెండు వందల పద్నాలుగో నంబరుగా తగిలించాను. ఎందుకు తగిలించానని ఇంట్లో మా ఆవిడ అడిగితే, చోటు ఖాళీగా ఉందన్నాను. కింద శీర్షిక మాత్రం నిజమే రాశాను: 'ప్రదర్శనను ప్రారంభిస్తున్న దృశ్యం.'

మూడో రోజు, ఉత్తమ చిత్రానికి ప్రజలు ఓట్లు వేశారు. నాలుగు వందల చీటీల్లో మూడు వందల అరవై మీద రెండు వందల పద్నాలుగు అని ఉంది. అధికారి రెండుసార్లు లెక్కపెట్టించి, ప్రజాభిప్రాయమని ఊరుకున్నారు. ఆ ఫోటో రసీదు ఆవిడ పేరు మీదే రాశాను కాబట్టి, టైలరమ్మ వేదికెక్కి షీల్డు తీసుకుని, మేయర్ గారిని నిండు నూరేళ్ళు బతకమని దీవించింది.

సభ ముగిశాక మేయర్ గారు గెలిచిన ఫోటోను చూస్తానన్నారు. దారి ఇచ్చాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, నిశితంగా చూశారు.

"ఎవరీయన?"

అధికారి వంగి శీర్షిక చదివారు. "ప్రారంభించినవారు సార్."

మేయర్ గారు తల పంకించారు.

"కోటు బాగుంది" అన్నారు, తన కోటు బొత్తాం పెట్టుకుంటూ.