దీపం వెలుగుతుంటే పడుకోనట్టే

తర్కం మాస్టారికి అటకంటే హడల్. కాలేజీలో ఎంత చిక్కుముడి వాక్యాన్నైనా విప్పే మనిషి, ఇంట్లో పాత సామానుతో కిక్కిరిసిన ఆ అటకకేసి తలెత్తి చూడడు. అందుకే సెలవురోజు భోజనం కాగానే ఎత్తు వేశాడు.

"పుస్తకంలో తుల్య వాక్యాల పాఠం రాయాలోయ్," అన్నాడు భార్యతో.

"రాస్తే రాసుకోండి. పడుకున్నారో, అటకెక్కి సామాను దించాల్సిందే."

"నేను పడుకుంటే గదిలో దీపం ఆర్పి ఉంటుంది. అంటే, దీపం వెలుగుతుంటే నేను పడుకోనట్టే. రెండూ తుల్యం. ఒకటి నమ్మితే రెండోదీ నమ్మాలి. తలుపు కింద వెలుతురు చూసుకో, చాలు."

"అలాగేనండి," అంది ఆవిడ.

ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావలసింది. మాస్టారు మాత్రం మురిసిపోయి, కిటికీ లేని ఆ గదిలో దీపం వేసి, మొహాన తువ్వాలు కప్పుకుని బల్లమీద తలవాల్చాడు.

తలుపు దబదబా బాదుతుంటే మెలకువ వచ్చింది. బయట గడియ పెట్టి ఉంది.

"లోపల ఎవడ్రా? నా చేతిలో రెంచీ ఉంది," అన్నది పక్కింటి ప్లంబరు గొంతు.

మాస్టారికి పైప్రాణాలు పైనే పోయాయి. "నేనేనయ్యా," అన్నాడు.

"నమ్మకండి అన్నయ్యగారూ," అంది భార్య. "లోపల ఎవరో గురకపెట్టారు. మా ఆయన పడుకుంటే దీపం ఆర్పి ఉంటుంది. దీపమేమో వెలుగుతోంది. కాబట్టి గురక ఆయనది కాదు, ఎవడో దొంగది."

మాస్టారు నిర్ఘాంతపోయాడు. ఇన్నేళ్ళ పాఠాల్లో ఒక్క విద్యార్థీ ఇంత శుభ్రంగా నిరూపించలేదు.

"నా గొంతు గుర్తుపట్టలేవుటే?"

"గొంతుదేముంది, ఎవరైనా అనుకరిస్తారు. మా ఆయన తర్కం తప్పుతుందా?"

"పోనీ ఇంట్లో పోయిందేమీ లేదుగా చెల్లెమ్మా," అన్నాడు ప్లంబరు. "నిద్రమొహం దొంగలా ఉన్నాడు. వదిలేద్దామా?"

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. మొగుణ్ణంటే పడుకున్నట్టు ఒప్పుకోవాలి, అటకెక్కాలి. దొంగనంటే వదిలేస్తారు. సిగ్గు గట్టున పెట్టి, "దొంగనే తల్లీ," అన్నాడు.

గడియ తీశారు. ఎదురుగా అటకకి నిచ్చెన వేసి ఉంది. దాన్ని పట్టుకుని ప్లంబరు నవ్వాపుకుంటున్నాడు.

"దొంగవైతే పైనున్న సామానంతా పట్టుకుపో నాయనా, పుణ్యముంటుంది," అంది ఆవిడ. "మొగుడైతే మాత్రం దించిపెడితే చాలు. ఎటు చూసినా అటక ఖాళీ. ఈ రెండూ తుల్యమేనాండీ?"

"తుల్యమే," అన్నాడు మాస్టారు, నిచ్చెన మొదటి మెట్టు మీంచి.