గోడ దిగిన చుట్టల పెట్టె

ఆ ఆదివారం పొద్దున రాజశేఖర్ పెట్టుకున్న పని మహా అయితే పావుగంటది. వసారా గోడకున్న చుట్టల పెట్టెను దించాలి, మేకుల బొక్కలు పూడ్చాలి, ఆ చోట క్యాలెండరు తగిలించాలి, ఏమీ ఎరగనట్టు కూర్చుని బొరుగుల ఉగ్గాని తినాలి. అమ్మానాన్నలు తెల్లవారుజామునే బంధువుల ఇంట్లో నామకరణానికి జమ్మలమడుగు పోయారు. సాయంత్రం దాకా రారు. ఇంతకన్నా మంచి రోజు దొరకదని అతని భార్య నందిని కూడా అన్నది.

రాజశేఖర్ ప్రొద్దుటూరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాడు. పెద్దముడియం నుంచి రోజూ పోయి వస్తాడు. ఊపిరితిత్తుల పాఠం వచ్చినప్పుడల్లా తండ్రి ఓబులేసు గుర్తొచ్చి అతను పేజీలు గబగబా తిప్పేస్తాడు. ఓబులేసుకు డెబ్బై నాలుగేళ్ళు, రోజుకు ఏడు చుట్టలు. రెండు నెలల కిందట ప్రొద్దుటూరులో డాక్టరు ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ముఖం చిట్లించి, ఇక ఒక్కటి కూడా ముట్టవద్దన్నాడు. తరువాత నందిని వైపు తిరిగి, "ఇంట్లో చుట్టలు కళ్ళకు కనపడకుండా చూడండమ్మా, సగం అలవాటు దానంతట అదే పోతుంది" అన్నాడు. అయినా పెట్టెలో పొద్దున పెట్టిన ఏడు చుట్టలు రాత్రికి ఖాళీ అవుతూనే ఉన్నాయి. తండ్రితో ఎదురుగా చెప్పే ధైర్యం రాజశేఖర్‌కు లేదు. ధైర్యం సంగతి వస్తే, ఆ వంశంలో పుట్టిన మొట్టమొదటి భయస్థుడు అతనే.

పెట్టె మూరెడు పొడవు టేకుది. పైన చుట్టలకు పొడవాటి అర, కింద అగ్గిపెట్టెకు చిన్న గూడు. పై మేకు పట్టుకారుతో లాగగానే వచ్చింది. కింది మేకు మాత్రం రానని మొండికేసి, చివరికి చేటెడు గారను వెంట తీసుకుని ఊడింది. గోడకు చిప్పెడంత గుంట పడింది. రాజశేఖర్ పెట్టెను నేల మీద వెల్లకిలా పెట్టి, చెమట తుడుచుకుంటున్నాడు. అప్పుడే వాకిట్లో మోటారు సైకిల్ ఆగింది.

వచ్చింది అంజి. కుందూ ఏటి అవతలి ఊరి గుర్రప్ప కొడుకు. అరువు తీసుకుపోయిన, చేలకు మందు కొట్టే మిషను తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఎప్పుడు వచ్చినా సరే, ఒక్క మాటైనా మాట్లాడకముందే పెట్టెలోంచి చుట్ట తీయడం అంజికి అలవాటు. ఉత్త మర్యాద తెలియని మనిషని రాజశేఖర్ అభిప్రాయం. ఇప్పుడూ అంజి చెయ్యి తనంతట తానే గోడ మీదికి పోయింది. గుంటలో వేలు పడింది. ఆ వేలును అతను కాసేపు చూసుకున్నాడు.

"మామ లేడా?"

"జమ్మలమడుగుకు పోయినాడు."

"పెట్టె యాడ?"

"దించేసినాం" అన్నాడు రాజశేఖర్, కాస్త గర్వంగానే. "ఇంగ ఈ ఇంట్లో చుట్టల యవ్వారం ఉండదు. మీ నాయనకు గూడా చెప్పు."

అంజి ముఖంలో రంగు మారింది. మిషను కింద పెట్టాడు, మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. నందిని టీ తెచ్చేలోపల బండి ఎక్కి, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయాడు. పాపం, సిగ్గుపడినట్టున్నాడు అనుకున్నాడు రాజశేఖర్. ఆ రోజు అతను నిశ్చింతగా అనుకున్న చివరి మాట అది.

ఇంకో పది నిమిషాలకు వడ్రంగి వసీం వచ్చాడు. జమ్మలమడుగు నుంచి, వెనక తలుపు గడియ బాగుచేయడానికి. సంచి దించబోతూ నేల మీది పెట్టెను చూసి, సంచి భుజానికే ఉంచుకున్నాడు.

"ఎవురు దించినారు దీన్ని?"

"నేనే."

"అన్నా, నీకేమన్నా పిచ్చా?"

"చుట్టల పెట్టె దించితే ఏమైతాదప్పా?"

"ఇది చుట్టల పెట్టె కాదన్నా. రాజీ పెట్టె. మా తాత చేసినాడు. ఒకే టేకు పలకలో రెండు పెట్టెలు. ఒగటి ఈడ, ఒగటి గుర్రప్ప వసారాలో." వసీం గొంతు తగ్గించాడు. "ఆ ఇంటోళ్ళు ఈడికొచ్చినా, ఈ ఇంటోళ్ళు ఆడికి పోయినా ముందు చుట్ట తీయాల. వచ్చినోడు ఒగటి, ఇంటి మనిషి ఒగటి, ఒకే పుల్లతో ముట్టించాల. ఆ పైనే మాట. పెట్టె గోడ దిగిందంటే రాజీ దిగినట్టే. పెద్దమనుషులు పెట్టిన మాట."

వసీం పెట్టెను రెండు వేళ్ళతో తిప్పి చూపించాడు. వెనక వైపు, ఇన్నేళ్ళూ గోడకు ఆనుకుని ఉన్న వైపు, ఉలితో చెక్కిన రెండు పేర్లున్నాయి. ఓబులేసు, గుర్రప్ప. వాటి కింద ముప్పై ఒక్క ఏళ్ళ కిందటి తేదీ.

గుర్రప్పతో గొడవ ఉండేదని రాజశేఖర్‌కు తెలియకపోలేదు. ఒక బండ్ల దారి కోసం మొదలై, రెండు గడ్డివాములు కాలి, ముగ్గురికి కాళ్ళు విరిగి, జమ్మలమడుగు కోర్టుకు ఇరువైపుల వాళ్ళూ చెప్పులరిగేలా తిరిగిన గొడవ. ఆ రోజుల్లోనే ఏడేళ్ళ రాజశేఖర్‌ను ప్రొద్దుటూరు హాస్టల్లో వేశారు. గొడవల సంగతి పిల్లవాడి చెవిన పడకూడదని ఇంట్లో కట్టుబాటు చేసుకున్నారు. పిల్లవాడికి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ కట్టుబాటును ఎత్తేయాలని ఎవరికీ తోచలేదు.

"వసీం, నేను అంజితో ఒగ మాట అన్యా" అన్నాడు రాజశేఖర్ నెమ్మదిగా. "ఈ యవ్వారం ఇంగ ఉండదు, మీ నాయనకు గూడా చెప్పు అని."

వసీం పెట్టెను మెల్లగా కింద పెట్టాడు. "నేను గడియ రేపు పెడతాలే అన్నా" అన్నాడు.

"పోవద్దు వసీం! నీకు దండం పెడతా!"

రాజశేఖర్ గుర్రప్పకు ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చింది. తరువాత తండ్రికి చేశాడు. అవతల మేళం మోగుతోంది.

"నాయనా, భోజనాలైనాయా?"

"పది గంటలకేం భోజనాల్రా?"

"ఊరికే అడిగినా. నాయనా, గుర్రప్ప మామ మంచోడే గదా?"

అవతల మేళం చప్పుడు దూరమైంది. ఆ తరువాత, "ఏం జరిగింద్రా?"

"ఏం లేదు" అని రాజశేఖర్ ఫోన్ పెట్టేశాడు. కొడుకు ఆ గొంతుతో ఏం లేదన్నాడంటే ఎంతో కొంత ఉండే ఉంటుందని ఓబులేసుకు తెలుసు. ఆయన భార్యను అక్కడే వదిలి, అప్పుడే కారు తీయించాడు. ఆ సంగతి రాజశేఖర్‌కు తెలియదు.

ఇంతలో వసీం ఫోన్ మోగింది. అతని బావమరిది ఉండేది గుర్రప్ప ఊరిలోనే. వసీం విన్నంతసేపూ "ఊ", "ఊ" అని, ఫోన్ జేబులో వేసుకుని, సంచి సర్దుకున్నాడు.

"ఆడ గూడా పెట్టె దించినారంట అన్నా. గుర్రప్ప జీపు తీయమన్యాడంట."

అని, గడియ లేని వెనక తలుపు గుండా వెళ్ళిపోయాడు. పిలిచినా తిరిగి చూడలేదు.

రాజశేఖర్‌కు అంతా అర్థమైంది. అరుగు మీద కూలబడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళు రెండు ఊళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి, తాను ఒక పట్టుకారుతో ఆ ప్రశాంతతను పీకేశాడు. తండ్రిని కాపాడాలనుకున్నాడు. ఇప్పుడు ఆ ముసలాయన ఈ వయసులో మళ్ళీ వెనక ముందు చూసుకుంటూ తిరగాలి. గడ్డివామి వైపు చూశాడు. నిన్ననే కొత్తగా వేసిన వామి, ఎండిన గడ్డి.

"బావా, తలుపులేసి లోపల కూచుందాం" అన్నది నందిని.

"వెనక దానికి గడియ లేదు గదా!"

నందిని దాన్ని బియ్యం డ్రమ్ముతో అడ్డగించి, కారం డబ్బా చేతబట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఆగి, మూత తీసి చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"యాడికి పోతాండావు?"

"ఇది మొన్న పట్టిచ్చిన కొత్త కారం. పోయినేటిది ఇంకో డబ్బాలో ఉంది, అది తెస్తా."

రాజశేఖర్‌కు తోచిన ఉపాయం ఒక్కటే. వాళ్ళు వచ్చేలోపల పెట్టె గోడ మీదికి ఎక్కాలి. పాత చుట్టలన్నీ అందులో సర్దాడు, అగ్గిపెట్టె పెట్టాడు, మేకు ఆనించి సుత్తితో కొట్టాడు. గార రాలింది. పక్కన కొట్టాడు, ఇంకాస్త రాలింది. నాలుగో దెబ్బకు లోపలి ఇటుక కనిపించింది. వీధి మలుపులో జీపు హారన్ వినపడింది.

జీపు దిగింది ఇద్దరే, గుర్రప్ప, అంజి. కానీ గుర్రప్ప చంకలో తువ్వాలు చుట్టిన మూట ఉంది. మూరెడు పొడవుంది.

"కొడవలి" అన్నది కిటికీ దగ్గర నందిని.

"బాంబులు" అన్నాడు రాజశేఖర్. ఇక సుత్తి పారేసి, పెట్టెను గుంట మీద ఆనించి, రెండు చేతులతో గోడకు అదిమిపట్టుకుని నిలబడ్డాడు.

గుర్రప్ప గడప దాటి, పెట్టెను చూసి ఆగిపోయాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, కోర మీసం. ఆ మీసం కొసలు అదరడం నందిని కళ్ళారా చూసింది. ఆయన కొడుకు వైపు తిరిగి పళ్ళు కొరికాడు.

"దించినారంటివి గదరా?"

"దించినారు నాయనా! నా వేలు గుంటలో గూడా పడె!"

"రా మామా!" అన్నాడు రాజశేఖర్. గొంతు కీచుమంది. "పెట్టె ఉండాది మామా! ఎప్పుడూ ఉన్నచోటే ఉండాది! చుట్ట తీసుకో!"

గుర్రప్ప మూటను ఇంకాస్త చంకలోకి లాక్కున్నాడు. మనిషి ఎందుకు గోడకు కరుచుకుని నిలబడ్డాడో అడగాలని ఆయనకుంది. అడిగితే ఏమనుకుంటారోనని భయం. పెట్టెలోంచి ఒక చుట్ట తీశాడు. కట్టుబాటు గుర్తొచ్చి రెండోది తీశాడు. ఇంటి మనిషికి చేతులు ఖాళీ లేవు కాబట్టి, దాన్ని తానే రాజశేఖర్ నోట్లో పెట్టి, ఒకే పుల్లతో రెండూ ముట్టించాడు.

జువాలజీ లెక్చరరు జన్మలో తొలిసారి పొగ పీల్చాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురుగా గుర్రప్పకూ తిరుగుతున్నాయి. ఒకరు దగ్గితే ఇంకొకరు దగ్గుతున్నారు, ఇద్దరూ చుట్ట మాత్రం వదలడం లేదు. వదిలితే ఏమవుతుందోనని ఎవరి భయం వాళ్ళది. సగం చుట్ట కాలేసరికి రాజశేఖర్ భుజాలు పట్టుతప్పసాగాయి. నందిని తలుపు చాటున పాత కారం డబ్బా మూత తీసి సిద్ధంగా ఉంది.

అప్పుడే వాకిట్లో కారు ఆగి ఓబులేసు పరుగులాంటి నడకతో లోపలికి వచ్చాడు. గోడకు అంటుకుని చుట్ట తాగుతున్న కొడుకును చూసి, "ఏందిరా ఇది!" అని అరిచాడు.

రాజశేఖర్ ఉలిక్కిపడి దగ్గాడు. చేతులు జారాయి. పెట్టె దబ్బున కింద పడింది. ఆ చప్పుడుకు గుర్రప్ప అదిరిపడగా, చంకలోని మూట జారి, తువ్వాలు విడిపోయి, అందులోంచి ఇంకో పెట్టె దాని పక్కనే పడింది. అదే టేకు, అదే పొడవు. రెండు పెట్టెలూ నేల మీద ఉన్నాయి.

అందరికన్నా ముందు గుర్రప్పే తట్టుకోలేకపోయాడు.

"ఓబులేసూ, తప్పు నాదే" అన్నాడు. "రెండేండ్లాయె నేను మానేసి. నువ్వొచ్చినప్పుడల్లా ఒగటి తాగి మూడు దినాలు దగ్గుతాండా. నా కోడలు రోజూ తిడతాంది. పెట్టె దించితే నువ్వేమనుకుంటావో అని నోరు మూసుకున్యా. ఈ పొద్దు నువ్వే దించినావని మావాడు చెప్తే, నా ప్రాణం లేచొచ్చిందప్పా! ఛార్జింగు అయిపోయిన ఫోన్ గూడా ఇంట్లోనే పారేసి, నాది పీకి తెచ్చినా, నువ్వొచ్చేదాకా కూచుని చూపిద్దామని. ఈడ చూస్తే నీది గోడకే ఉండె!"

ఓబులేసు అరుగు మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని గుర్రప్పను తేరిపార చూశాడు.

"నేను మానేసి యాభై దినాలు. మీవోళ్ళు వచ్చినప్పుడు తప్ప ముట్టలేదు" అన్నాడు. "పెట్టె నిండుగా మిగిలితే మానేసినానని ఊరంతా తెలుస్తాది, నీ దాకా వస్తాది అని, దినానికి ఏడు తీసి దిబ్బలో పూడుస్తాండా."

ముందు ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. ఇద్దరు ముసలివాళ్ళూ కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వారు. ఇన్నాళ్ళూ ఒకరికొకరు భయపడి కాల్చిన చుట్టలు తలుచుకుని నవ్వారు. నందిని కారం డబ్బా మూత పెట్టి, అందరికీ ఉగ్గాని వడ్డించింది. రాజశేఖర్ గోడకు ఆనుకుని కూర్చుని, బతికినందుకు కాసేపు ఏడ్చాడు.

అయితే పెట్టెల సంగతి అంతటితో తేలలేదు. "మనకు తెలుసుగాని రెండూళ్ళోళ్ళకు ఏం తెలుసు? గోడ బోసిగా ఉంటే ఏదో అయిందనుకుంటారు" అన్నాడు ఓబులేసు. నిజమే అన్నాడు గుర్రప్ప. పెట్టెలు గోడ మీదే ఉండాలి, రాకపోకలప్పుడు చుట్టలు కాలాలి. ఈ పొద్దు ఇంటి తరఫున ముట్టించింది రాజశేఖర్ కాబట్టి ఇకపై ఆ బాధ్యత అతనిదీ, అంజిదీ అని పెద్దలిద్దరూ తేల్చేశారు. అతని అభిప్రాయం ఎవరూ అడగలేదు, అడిగినా కాదనే ధైర్యం అతనికి ఎటూ లేదు. మర్నాడు వసీం వచ్చి, ఒక్కొక్క పెట్టెకు నాలుగు స్క్రూలు బిగించి పోయాడు.

మొదటి నెల అంజి వచ్చిన రోజే పెట్టెలో రెండు చుట్టలు తగ్గేవి. రెండో నెల అంజి రాని రోజు కూడా తగ్గసాగాయి. ఆరో నెల ప్రొద్దుటూరు డాక్టరు రాజశేఖర్ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, ముఖం చిట్లించి, "ఇంట్లో చుట్టలు కళ్ళకు కనపడకుండా చూడండమ్మా" అన్నాడు. ఆ స్క్రూలు విప్పించడానికి నందిని ఆసుపత్రి మెట్ల మీది నుంచే వసీంకు ఫోన్ చేసింది.

వసీం ఎత్తలేదు.