ముక్కు మీద ధ్యాస

ఆ ఆదివారం పొద్దున మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యతో కలిసి ధ్యానం క్లాసుకు వెళ్ళాలి, ఆమె పక్కన చాప మీద కూర్చోవాలి, కళ్ళు మూసుకోవాలి, మాస్టారు గంట కొట్టేదాకా లేవకూడదు. ఈ పనిలో పనిముట్ల అవసరం రాదు కాబట్టి సంచి ఇంట్లోనే వదిలేశాడు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట టెస్టర్ ఒకటి ఉండిపోయింది గానీ, ఆయన దృష్టిలో అది పనిముట్టు కాదు, పుట్టుమచ్చ లాంటిది.

వీధిలో అందరూ ఆయన్ని చెవుల మేస్త్రి అంటారు. చిన్న దుకాణం పెట్టుకుని ఫ్యాన్లు, మిక్సీలు, వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. దేన్నీ ఊరికే విప్పడు. ముందు తల పక్కకు వంచి, కళ్ళు చికిలించి, కాసేపు వింటాడు. "బేరింగు పోయింది" అంటాడు. "బుష్ అరిగింది" అంటాడు. ఒక్కోసారి "మిక్సీకేం రోగం లేదమ్మా, మీ బల్లకే ఒక కాలు పొట్టి" అని పంపించేస్తాడు. లోకంలో ప్రతి చప్పుడూ ఆయన చెవిన పడుతుంది, ఒక్క భార్య మాట తప్ప.

చివరికి అదే పీకల మీదికి తెచ్చింది. కిందటి చలికాలంలో ఆమె, వచ్చే శుక్రవారం తనకు కంటి ఆపరేషన్ అని చెప్పింది. పొరుగువాళ్ళ మిక్సీని ఒళ్ళో పెట్టుకుని ఆయన "ఊఁ" అన్నాడు. మర్నాడు మళ్ళీ చెప్పింది. మళ్ళీ "ఊఁ" అన్నాడు, ఈసారి తల కూడా ఊపాడు. శుక్రవారం ఆమె పక్కింటి పిన్నిని తోడు తీసుకుని వెళ్ళి, సాయంత్రం కంటికి కట్టుతో తిరిగొచ్చింది. మేస్త్రి తలెత్తి చూసి, కంగారుపడి, "అయ్యో, కంట్లో ఏం పడింది?" అని అడిగాడు.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే ఆయన ప్రాణం కుదుటపడేది. ఆ రోజు నుంచి ఆయనకు ఏదీ చెప్పడం మానేసింది, అంతే. మాటలు లేవని కాదు. "గ్యాస్ అయిపోయింది", "తలుపేసుకోండి" వరకు ఉన్నాయి. కానీ రాత్రి ఏం కల వచ్చిందో, వీధిలో ఎవరు ఎవరిని ఏమన్నారో, చిన్నప్పుడు అక్కతో ఎందుకు పోట్లాడిందో, తలా తోకా లేకుండా పొద్దస్తమానం చెప్పుకుపోయే ఆ ధార ఆగిపోయింది. అది సాగినన్నాళ్ళూ మేస్త్రి వినలేదు. ఆగిపోయాక మాత్రం ఆ ఆగిపోవడం ఆయనకు బాగా వినపడింది. తిన్నది ఒంటబట్టలేదు. బాగుచేయడం చేతకాని వస్తువు ఒకటి ఇంట్లోనే ఉందని మొదటిసారి తెలిసి, మనిషి లోలోపల కుంగిపోయాడు.

"ఆదివారం నీతోపాటు నేనూ ధ్యానానికి వస్తాను" అన్నాడు ఒక పూట, మిక్సీ పక్కన పెట్టి మరీ.

"మీరా?" అందామె.

"మనసు కుదురుగా ఉంటే ఎదుటివాళ్ళ మాట బాగా వినపడుతుందటగా."

"గంట కొట్టేదాకా కూర్చోండి ముందు. తర్వాత చూద్దాం" అంది. ఆ 'చూద్దాం' అనే మాటను మేస్త్రి వారమంతా జేబులో పెట్టుకుని తిరిగాడు.

క్లాసు గ్రంథాలయం మేడమీది హాల్లో. చెప్పేది రిటైరైన డ్రిల్ మాస్టారు. ఆయనకు శాంతిని కూడా ఆర్డరేసి రప్పించే అలవాటు. "శ్వాస... లోపలికీ! శ్వాస... బయటికీ!" అని మైదానంలో కవాతు చేయించినట్టే చేయిస్తారు. ఆ క్లాసుకు ఒకటే నియమం. ఏం జరిగినా, పైకప్పు ఊడి నెత్తిన పడ్డా, గంట మోగేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. "ఏ చప్పుడొచ్చినా రానివ్వండి. వచ్చింది పోనివ్వండి. మీ ధ్యాసంతా ముక్కు కొస మీదే!" అన్నారు మాస్టారు, ముఖ్యంగా కొత్త మనిషి వైపు చూస్తూ.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. శ్వాస లోపలికి వెళ్ళింది. దాని వెంట వెళ్ళాల్సిన మనసు మాత్రం గుమ్మం దగ్గరే ఆగి, ట్యూషన్ టీచరమ్మ ఇంటి వాషింగ్ మెషీన్‌కు బెల్టు ఇంకా మార్చలేదని గుర్తుచేసింది. ఆ టీచరమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. మనసును వెనక్కి లాక్కొచ్చాడు. అది దారిలో బేకరీ ఆయన్ని పలకరించింది. రాత్రంతా పొయ్యి దగ్గర పనిచేసి వచ్చిన ఆ పెద్దమనిషి అప్పటికే కూర్చున్న చోట నిద్రపోతున్నాడు. మళ్ళీ లాక్కొచ్చాడు. సరిగ్గా అప్పుడే వినపడింది.

కీచ్... కీచ్.

సన్నగా, అరిగిపోయిన బుష్ లాగా, కాస్త ఆగి ఆగి వస్తోంది. 'రానివ్వాలి' అనుకున్నాడు మేస్త్రి. రానిచ్చాడు. అది పోలేదు. 'నాకెందుకు' అనుకున్నాడు. కీచ్. మాస్టారి నెత్తిమీది ఫ్యానే, అనుమానం లేదు. రెండు చుక్కల నూనె పడితే చాలు, కాదంటే దాని పైగిన్నెను బిగించి ఉన్న స్క్రూ ఒక చుట్టు తిప్పితే చాలు. పాపం, ఇంతమంది ప్రతి ఆదివారం ఈ రోత భరిస్తూ కూర్చుంటున్నారు. తన భార్య కూడా. ఆమె కోసమైనా ఈ ఒక్క ఉపకారం చేసి, చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది? మేస్త్రి ఒక కన్ను తెరిచాడు. హాలంతా కళ్ళు మూసుకుని ఉంది. పనివాడికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

మూల బల్బులు మార్చే మడత నిచ్చెన ఉంది. దాన్ని లాగితే కిర్రుమంది.

"చప్పుడు వచ్చింది" అన్నారు మాస్టారు కళ్ళు మూసుకునే. "రానివ్వండి!"

అందరూ గట్టిగా ఊపిరి పీల్చి రానిచ్చారు. స్విచ్‌బోర్డు దగ్గర ఏది ఫ్యానుదో తెలియక మేస్త్రి వరసగా అన్నీ నొక్కాడు. లైట్లు ఆరిపోయాయి, ఫ్యాన్లు ఆగిపోయాయి.

"వెలుగు పోయింది, పోనివ్వండి! గాలి ఆగింది, ఆగనివ్వండి!" అన్నారు మాస్టారు. ఆ గొంతులో కొంచెం ఆశ్చర్యం, కొంచెం గర్వం వినపడ్డాయి. క్లాసు ఇంత బాగా ఏనాడూ సాగలేదు.

మేస్త్రి నిచ్చెనెక్కి, టెస్టర్‌తో ఫ్యాను పైనున్న గిన్నె విప్పాడు. అందులోంచి ఒక స్క్రూ జారి, తిన్నగా పోయి మాస్టారి బట్టతల నడిమధ్యన పడింది. మాస్టారు మాత్రం కదలలేదు. చేతులు జోడించి, "నడినెత్తిన... ఏదో తాకింది. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి" అన్నారు.

ఎవరో మెల్లిగా నిట్టూర్చారు. ఆ నిట్టూర్పు మీదుగా మళ్ళీ కీచ్ మంది.

ఆగిపోయిన ఫ్యాను కీచుమనడం ఏమిటి? మేస్త్రి తల పక్కకు వంచాడు. కింద ఎంత వినపడిందో, పైనా అంతే వినపడుతోంది. అంటే గోడలోంచి. గోడ వెంబడి, కప్పుకు కాస్త కింద, ట్యాంకు నుంచి దిగే నీళ్ళ పైపు ఉంది. దానికో పాత వాల్వు. అందులో గాలి చేరితే సరిగ్గా ఇలాగే అరుస్తుంది. నిచ్చెన మీద నుంచే చెయ్యి చాచి దాన్ని కాస్త బిగించబోయాడు. వాల్వు పిడి ఊడి చేతిలోకి వచ్చింది. ఆ వెనకే నీళ్ళు చిమ్మాయి.

"మాస్టారూ" అంది ముందు వరసలోంచి టీచరమ్మ, "నాకు కన్నీళ్ళు వస్తున్నాయండీ."

"రానివ్వమ్మా."

"ఆగట్లేదండీ. ఒళ్ళంతా తడిసిపోతోంది."

"ఎన్నాళ్ళ నుంచి దాచుకున్నావో ఏమో, పోనివ్వు తల్లీ!"

టీచరమ్మ పోనిచ్చింది. బేకరీ ఆయన ముఖం మీదా బాగానే పడ్డాయి గానీ, ఆయన నిద్రలోనే ముఖం తుడుచుకుని అటు తిరిగాడు. మేస్త్రి బొటనవేలు అడ్డం పెట్టి పైపు నొక్కిపట్టాడు. ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు కిటికీ అంచు మీద. వేలు తీస్తే వరద, కాలు కదిపితే పతనం. ఇక కదలడానికి వీల్లేదు.

భయంతో ఊపిరి బిగబట్టాడు. కీచుమనడం ఆగిపోయింది. ఊపిరి వదిలాడు. కీచ్. మళ్ళీ బిగబట్టాడు. నిశ్శబ్దం. ఇన్నేళ్ళ అనుభవంలో ఎన్నడూ తప్పని చెవి, తన ముఖం మధ్యలో ఉన్న ముక్కును పట్టుకోలేకపోయింది. మాస్టారు పొద్దున్నుంచీ ధ్యాస పెట్టమని మొత్తుకుంటున్నది సరిగ్గా అక్కడే.

సిగ్గుతో ఆయన కదలకుండా ఉండిపోయాడు. మిక్సీలు, బెల్టులు, బేకరీలు అన్నీ ఎటో పోయాయి. మనసులో బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు. జీవితంలో మొదటిసారి ఆయన మనసు పిలవకుండానే వచ్చి ఒకచోట కూర్చుంది. అప్పుడు కిందికి చూస్తే భార్య కనపడింది.

ఆమె ముఖాన్ని అంతసేపు చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. పాపిట దగ్గర జుట్టు తెల్లబడింది. ఆపరేషనైన కంటి కింద చర్మం కొంచెం ముడతపడింది. పక్కన ఆయన చాప ఖాళీగా ఉంది. ఆమె చెయ్యి, తెలిసో తెలియకో, ఆ చాప అంచు మీద ఆని ఉంది. ఆ చేతిని చూస్తే మేస్త్రికి ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. నేను చెయ్యాల్సింది అక్కడ ఊరికే కూర్చోవడం ఒక్కటే కదా, అదీ చెయ్యలేకపోయానే అనుకున్నాడు.

గంట మోగింది. ఉలిక్కిపడి మేస్త్రి వేలు తీశాడు.

తర్వాతి సంగతి వివరంగా చెప్పుకోవడం ఎవరికీ మర్యాద కాదు. వాచ్‌మన్ పరుగున వచ్చి ట్యాంకు కట్టేసేసరికి చాపలు తేలుతున్నాయి. టీచరమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ, పైపు వైపు ఒకసారి, మేస్త్రి వైపు ఒకసారి చూసి, "అయితే అవి కన్నీళ్ళు కావా?" అంది. మాస్టారు చాప మీద దొరికిన స్క్రూను అరచేతిలో పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. తిట్టినా బాగుండేది. ఆయన ముఖం, చేతిలో బొమ్మను ఎవరో లాక్కుపోయిన పసివాడి ముఖంలా ఉంది.

"మీరు ఇక రావద్దండీ" అన్నారు చివరికి, ఆర్డరు లేకుండా.

దారిలో మేస్త్రి తడిసిన చాపలు రెండూ భుజాన వేసుకుని భార్య వెనకాలే నడిచాడు. వీధి మలుపు తిరిగారు.

"అది నా ముక్కు" అన్నాడు ఉండబట్టలేక.

"తెలుసు. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. చాలాసార్లు చెప్పాను" అంది ఆమె.

మేస్త్రి తల దించుకున్నాడు. ఇంకేం మిగల్లేదనుకున్నాడు. ఇంతలో ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని హడలిపోయి ముందుకొచ్చి చూస్తే, నవ్వుతోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆగలేక, దీపస్తంభం పట్టుకుని నవ్వుతోంది. "ఆ మాస్టారు... నడినెత్తిన తాకిందట..." అని మళ్ళీ నవ్వింది. "నేను మధ్యలోనే కళ్ళు తెరిచానండీ. మీరు అక్కడ బల్లిలా అతుక్కుని నాకేసే చూస్తున్నారు. మళ్ళీ మూసేసుకున్నా. అలా చూసి ఎన్నేళ్ళయిందో!"

నవ్వు ఆగాక మాటలు మొదలయ్యాయి. ఆగిపోయిన ధార ఒక్కసారిగా వదిలినట్టు, పక్కింటి పిన్ని సంగతి, అక్క రాసిన ఉత్తరం సంగతి, తనకొచ్చిన పీడకల సంగతి. మేస్త్రి ప్రాణం లేచొచ్చింది. ఈసారి ఒక్క ముక్క పోనివ్వకూడదు. చెవులు రిక్కించి, ఆమె ముఖం మీదే చూపు నిలిపి నడిచాడు. ఆయనకే ఆశ్చర్యమేసింది. నిజంగానే వింటున్నాడు! దారిలో ఏదో స్కూటర్ సైలెన్సర్ పగిలిన చప్పుడు చేసుకుంటూ పోయినా తల తిప్పలేదు. మనసు ఇసుమంతైనా కదల్లేదు. ఇదే గదా మాస్టారు చెప్పిన కుదురు! అంత గోల జరిగినా చివరికి సాధించాను, ఈ మాత్రం దానికి ఇన్నేళ్ళు ఆమెను ఏడిపించాను, ఇకనుంచి రోజూ ఇలాగే వింటాను, వింటున్నానని ఆమెకూ తెలుస్తోంది కాబోలు, కళ్ళు ఎలా మెరుస్తున్నాయో...

"మరి మీరూ వస్తారుగా?" అంది భార్య, గుమ్మం ముందు ఆగి.

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఎక్కడికో, ఎప్పుడో, ఎందుకో తెలియదు. ఆమె మాత్రం ఆయన నోటికేసే చూస్తోంది.

"రాకుండా ఉంటానా!" అన్నాడు.

ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆయన చేతిని గట్టిగా పట్టుకుని, "ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాల్సొస్తుందేమోనని ఎంత భయపడ్డానో" అని లోపలికి వెళ్ళింది.

మర్నాటి నుంచి మేస్త్రి దుకాణం తెరవడం మానేశాడు. రోజూ తెల్లారకముందే లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వరండాలో తయారుగా కూర్చుంటున్నాడు. భర్త ఇంత మారిపోయినందుకు భార్య మురిసిపోయి, వీధిలో అందరికీ చెప్పుకుంటోంది.

ఎక్కడికని అడిగితే ఆయనకు తెలిసిపోతుంది, ఆయన వినలేదని ఆమెకూ తెలిసిపోతుంది.